ఇంటింటి ముచ్చట్లు: జానెడెత్తు, మూరన్నర నీళ్ళు

ఈ శీర్షిక కింద వంటింటి సంగతులు, పెండ్లి ఖర్చుల లెక్కలు తప్ప మగపిల్లలకు పనికివచ్చే ముక్క ఒక్కటీ రాయడం లేదని ఒక పాఠక మహాశయుడు కోపగించారు. ఆ కోపం నిజమే కాబోలు. వారి అదృష్టమో నా అదృష్టమోగాని, ఈ నెల నాకు తటస్థించిన సంగతి మోటారుబండిది. అదీ అల్లాటప్పా బండి కాదు. దాని ధర చెబితే మీలో కొందరు పత్రిక మూసి పక్కన పెడతారేమోనని, ధర తరువాత చెబుతాను.

మోటార్ల విషయంలో నా పాండిత్యం సైకిలు గొలుసు ఊడితే ఎక్కించడం వరకే. అందుచేత ఇందులో నేను చెప్పేదంతా ఇద్దరు కుర్రవాళ్ళు నాకు నేర్పినదీ, ఇంటికి వచ్చాక నేను కాగితం పెన్సిలు తీసుకుని సరిచూసుకున్నదీను.

మా అక్కను తిరుమణి ఇచ్చారు. పావగడ తాలూకాలోని ఊరు. తాలూకా తుమకూరు జిల్లాదే అయినా చుట్టూ చాలామేరకు ఆంధ్రదేశమే. కచేరీలో కన్నడం, ఇంట్లో తెలుగు, సంతలో రెండూ కలిపి. మనలాగే తరతరాలుగా అక్కడే ఉన్న కుటుంబాలు. నేలంతా వేరుసెనగ నేల. వాన వస్తే పంట, రాకపోతే బెంగుళూరు బస్సు. మా చిన్నతనంలో అక్కను చూడడానికి వెళ్ళినప్పుడల్లా, బావ ఆకాశం వంక చూస్తూ మాట్లాడేవాడేగాని మా ముఖం వంక చూసి మాట్లాడిన గుర్తు లేదు.

ఇప్పుడు ఆయన ఆకాశం వంక చూడడం మానేశాడు. ఆకాశాన్ని చూసే పని అద్దాలు పుచ్చుకున్నాయి. తిరుమణి, బలసముద్ర, వళ్ళూరు, రాయచెర్లు, క్యాతగానచెర్లు, ఈ అయిదు గ్రామాల్లో 13,000 ఎకరాలు కౌలుకు తీసుకుని, ఎండను కరెంటుగా మార్చే పలకలు పరిచారు. 2018 మార్చిలో మొదటి భాగం ప్రారంభమైంది, 2019 డిసెంబరుకు పూర్తయింది. మొత్తం శక్తి 2,050 మెగావాట్లు. భూమి అమ్మించుకోలేదు. ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయల కౌలు, రెండేళ్ళకొకసారి నూటికి అయిదు పెంపు, 28 ఏళ్ళ ఒడంబడిక. మా బావ ఎనిమిదెకరాలు ఇచ్చాడు. చెరువు కింద రెండెకరాలు ఉంచుకున్నాడు. "పొలమున్నోడికి కౌలు వచ్చింది, పొలంలో కూలికి పోయేటోడికి ఏమొచ్చింది?" అని మా అక్క ఇప్పటికీ అడుగుతుంది. దానికి జవాబు నాకు తెలిస్తే ఇక్కడే రాసి ఉండేవాణ్ణి.

అసలు కథలోకి వస్తాను. నా మేనల్లుడు డిప్లొమా చదివి, ఆ పలకల మధ్యనే మరమ్మతు పనిచేసే ఒక చిన్న కాంట్రాక్టరు దగ్గర ఉద్యోగంలో ఉన్నాడు. పలకలు తుడిచేవారినీ, మరమ్మతువారినీ, సామాన్లనూ ఒక చోటినుంచి ఒక చోటికి మోసుకుపోవడానికి సొంత బండి పెట్టుకుంటే నెలకింత అని ఒప్పందం దొరుకుతుందని వాడికి ఆశ పుట్టింది. పార్కులో తారు రోడ్లున్నాయి గాని, పలకల వరుసల మధ్యకు పోవాలంటే మట్టి దారులే. వానపడిన రోజున అక్కడ ట్రాక్టరు తప్ప మరొకటి కదలదట. బండి కొనడానికి బావ దాచిన కౌలు డబ్బు ఉంది. ఆ డబ్బులోనే చిన్నమ్మాయి పెండ్లి కూడా ఉంది. అక్కకు నిద్ర పట్టనిది అందుకే. "నువ్వు లెక్కలు రాసేవాడివి కదరా, ఒకసారి వచ్చి చూసిపో" అని ఫోను చేసింది.

నేను వెళ్ళేసరికే పాతికవేలు అడ్వాన్సు ఇచ్చేసి ఉన్నారు. మేనల్లుడు రంగుల కాగితం ఒకటి నా ముందు పరిచాడు. జీపులాగా ఎత్తుగా, ముందు పక్క పళ్ళు ఇకిలించినట్టున్న బండి బొమ్మ. "158 హార్స్‌పవర్ మామా! ఇంత ధరలో ఇంకోటి లేదంట. ఎస్.యు.వి. అంటే యాడికైనా పోతుందంట" అన్నాడు. చెప్పింది అంగడివాడు. ఆ అంగడి ఏ ఊరిదో, బండి ఎవరిదో నేను చెప్పబోను, ఎందుకంటే అన్ని ఊళ్ళ అంగళ్ళూ ఆ మాటే చెబుతాయి. రోడ్డు మీదికి వచ్చేసరికి పదిహేను లక్షలు. నేను చేతనైనంత గంభీరంగా ఆ కాగితం చూశాను. నాకు అర్థమైంది రంగులొక్కటే.

ఆ మర్నాడు పొద్దున్నే వీధి చివర వేపచెట్టు కింద నల్లటి పెట్టెలాంటి బండి ఒకటి ఆగి ఉంది. చుట్టూ పిల్లలు. నలుచదరంగా, ముందు గుండ్రటి దీపాలు రెండు, వెనక తలుపుకు టైరు తగిలించి, ఏ నవనాగరికతా లేకుండా, పూర్వం తహసీలుదారుగారు వచ్చే జీపుకు పెద్దన్నలా ఉంది. నడుపుకొచ్చినవాడు పక్కింటివారి అబ్బాయే. బెంగుళూరులో ఒక పెద్దమనిషి దగ్గర డ్రైవరుగా ఉన్నాడు. ఆయన పార్కు చూడడానికి వస్తే, తోడొచ్చాడు. మా బావను చూసి దిగివచ్చి, "పెద్దనాయనా, బాగుండావా?" అని పలకరించాడు.

"మీ సారు యాడప్పా?" అన్నాడు బావ.

"లోపలికి పోయినాడు. పార్కోళ్ళ జీపులో."

"ఇంత బండి ఉండగా వాళ్ళ జీపులోనా?"

"లోపల కంపముళ్ళుంటాయి పెద్దనాయనా. దీని టైరు చీలితే తిరుమణిలో కాదు, తుమకూరులో కూడా దొరకదు" అన్నాడు ఆ అబ్బాయి. నవ్వుతూనే అన్నాడుగాని, ఆ మాట నాకు ఆ రోజంతా గుర్తుంది.

ఆ బండి పేరు మెర్సిడెస్-ఎ.ఎం.జి. జి 63. ధర ఇప్పుడు చెబుతాను. 2018 అక్టోబరులో మన దేశంలో విడుదలైనప్పుడు అంగడి ధరే 2 కోట్ల 19 లక్షలు. 2024లో కొత్తది వచ్చినప్పుడు 3 కోట్ల 60 లక్షలు. ఈ అబ్బాయి నడిపేది 2018 తరహాది. మా బావ వేళ్ళమీద లెక్క కట్టాడు: ఎనిమిదెకరాల కౌలు ఏడాదికి 1,68,000, పెంపు లెక్కలోకి తీసుకోకపోతే ఆ బండికి 130 ఏళ్ళ కౌలు. "అయితే మనకొద్దులే" అని గంభీరంగా తేల్చి చెప్పాడు.

డ్రైవరు అబ్బాయికి తన బండి వివరాలన్నీ కంఠతా వచ్చు. బీడీ కూడా తాగని పిల్లవాడు, ఖాళీ సమయమంతా బండి పుస్తకం చదువుతాడట. అక్క అతనికి రాగిముద్ద, చట్నీ పెట్టి కూర్చోబెట్టింది. మేనల్లుడు తన రంగుల కాగితం తెచ్చాడు. అతని బండి పుస్తకం ఒక పక్క, వీడి కాగితం ఒక పక్క. ఆ ఉదయం నేను నేర్చుకున్నది ఇదిగో, చిత్తగించండి.

ముందుగా యంత్రం. బానెట్టు ఎత్తి చూపించాడు. ఎనిమిది గొట్టాలు, నాలుగేసి చొప్పున రెండు వరుసలు, అడుగున కలిసి పైన విచ్చుకుని, చేతివేళ్ళు రెండు చాచినట్టు. ఒక్కొక్క గొట్టం అడ్డుకొలత 83 మిల్లీమీటర్లు, లోపలి ముషలం కదిలే దూరం 92 మిల్లీమీటర్లు. ఎనిమిదీ కలిపితే 3,982 ఘన సెంటీమీటర్లు, అంటే ఒక్కొక్క గొట్టం అర్ధలీటరు చెంబన్నమాట. పూర్తి శక్తి వచ్చేది నిమిషానికి 6,000 చుట్లు తిరిగినప్పుడు. ఒక్కొక్క గొట్టంలో రెండు చుట్లకొకసారి పెట్రోలు మండుతుంది గనుక, ఎనిమిదింటిలోనూ కలిపి సెకనుకు 400 సార్లు మండుతుంది. ఇది నేనే గుణించి చూశాను, రెండుసార్లు.

ఆ రెండు వరుసల నడుమ పల్లంలో రెండు టర్బోలు కూర్చోబెట్టారు. టర్బో అంటే మన స్త్రీ పాఠకులకు ఒక్క మాటలో అర్థమవుతుంది. అది ఊదుగొట్టం. కట్టెలపొయ్యిలో గాలి ఊదితే మంట ఎలా లేస్తుందో, యంత్రంలోకి గాలిని ఒత్తి పంపితే అదే గొట్టంలో ఎక్కువ పెట్రోలు మండుతుంది. వింతేమిటంటే ఈ ఊదుగొట్టాన్ని ఊదేది మనిషి కాదు, యంత్రం వదిలే పొగే. పొగ బయటికి పోతూ పోతూ ఒక చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం ఇరుసుకు రెండో కొసన ఉన్న మరో చక్రం గాలిని లోపలికి తోస్తుంది. పొగ దారి పొట్టిదైతే ఊదడం ఆలస్యం కాదు, అందుకే వరుసల నడుమ పెట్టారు. నిదానంగా పోయేటప్పుడు ఎనిమిదిట్లో నాలుగు గొట్టాలు మండడం మానేసి ఊరుకుంటాయి. ఉమ్మడి కుటుంబంలో కొందరు అన్నదమ్ముల్లాగా.

ఈ యంత్రాన్ని జర్మనీలో ఆఫాల్టర్‌బాఖ్ అనే ఊళ్ళో మొదటినుంచి చివరిదాకా ఒకే పనివాడు కూరుస్తాడు. కూర్చి, తన సంతకమున్న రేకు పైన అతికిస్తాడు. అబ్బాయి ఆ రేకు చూపించాడు. మా బావ దాన్ని వేలితో తడిమి, "మన కమ్మరి చెన్నడు కూడా కొడవలి మీద గుర్తు కొట్టేవాడు" అన్నాడు.

ఇక ఆ యంత్రం బలం 585 అశ్వశక్తి. కుర్రవాళ్ళు ఈ అంకె దగ్గరే ఆగిపోయారు. మేము ముసలివాళ్ళం దాన్ని మా లెక్కల్లోకి మార్చుకున్నాం. కాడికి కట్టిన జత ఎద్దులు కలిసి రమారమి ఒక అశ్వశక్తి అనుకుంటే, 585 కాళ్ళు. అయిదు అశ్వశక్తుల బోరుమోటార్లయితే 117, అంటే తిరుమణి చుట్టుపట్ల ఒకప్పుడు నీళ్ళు తోడిన బోర్లెన్నో ఒక్క బానెట్టు కింద. కరెంటు లెక్కలో 430 కిలోవాట్లు. ఇక్కడ మేనల్లుడు కలం అందుకున్నాడు. 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్లంటే ఎకరానికి రమారమి 158 కిలోవాట్లు, అదీ మిట్టమధ్యాహ్నం, మబ్బు లేనప్పుడు. ఆ బండి పూర్తి జోరు మీద ఉన్నప్పుడు రెండెకరాల డెబ్భై సెంట్ల ఎండను ఒక్కతే తింటున్నట్టు. మా అక్క వాకిట్లోనుంచి, "అంత శక్తితో అది చేసే పనేమిరా?" అని అడిగింది.

చేసే పని, నిలబడినచోటినుంచి నాలుగున్నర సెకన్లలో గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకోవడం. పావగడ రోడ్డు మీద ఆ వేగం దేనికని నేను అడగలేదు, డ్రైవరు అబ్బాయే చెప్పాడు: "ఎప్పుడూ అందుకోలేదు మామా. గతుకులు." 

అసలు రహస్యం ఆ తరువాత చెప్పాడు. బురదలోనుంచి, ఇసుకలోనుంచి, గుట్ట మీదికి బండిని లాగేది ఆ 585 కాదట. అశ్వశక్తి అంటే పని ఎంత త్వరగా జరుగుతుందనే లెక్క. కదలని చక్రాన్ని మెలితిప్పి కదిలించేది వేరు. దాన్ని న్యూటన్ మీటర్లలో చెబుతారు. ఈ యంత్రానికి అది 850. ఇరుసుకు మీటరు పొడవు కడ్డీ తగిలించి, దాని కొసన 86 కిలోల మనిషి వేలాడితే ఎంత మెలి పడుతుందో అంత. అదీ 6,000 చుట్ల దగ్గర కాదు, 2,500 చుట్ల దగ్గరనుంచే పూర్తిగా దొరుకుతుంది. బురదలో ఎవరు యంత్రాన్ని 6,000 చుట్లు తిప్పుతారు? తిప్పితే చక్రం గిర్రున తిరిగి గుంట తవ్వుకుంటుంది. ఇది మా బావకు ఎవరూ చెప్పనక్కరలేదు, నాగలమడిక దగ్గర పినాకిని ఇసుకలో కూరుకున్న లారీలను జీవితమంతా చూశాడు.

ఆ మెలిని ఇంకా పెంచే చిన్న గేరు ఒకటుంది. మీట నొక్కితే చక్రాల వేగం సుమారు మూడోవంతుకు తగ్గి, లాగే బలం 2.93 రెట్లు అవుతుంది. బావిలో చేదకు గిలక బదులు పెద్ద రాట్నం పెట్టినట్టు. మనం పెద్దవాళ్ళం చూసిన పాత విల్లీస్ జీపుకూ ఇలాటిదే ఉండేది, 1.97 రెట్లు. ఆ జీపు యంత్రం బలమెంతో తెలుసా? 60 అశ్వశక్తులు. బరువు రమారమి 1,100 కిలోలు. రెండో ప్రపంచయుద్ధంలో ఎడారుల్లోనూ అడవుల్లోనూ తిరిగింది ఆ 60తోనే. ఈ జి తరహా బండే 1979లో ఆస్ట్రియాలోని గ్రాట్స్ నగరంలో తయారవడం మొదలైనప్పుడు, దాని డీజిల్ రకం బలం 72 అశ్వశక్తులు. ఆ ఊరి పక్కన షోకెల్ అనే కొండ, 1,445 మీటర్ల ఎత్తు. ఆనాటినుంచి ఈనాటిదాకా ఈ బండ్లను ఆ కొండ రాళ్ళ దారి మీదే పరీక్షిస్తున్నారు. 72తో ఎక్కిన కొండే 585తోనూ ఎక్కుతున్నది. కొండ ఎత్తు పెరగలేదు గదా. మిగిలిన 513 దేనికో ఆలోచించుకోండి.

తరువాతది తాళం. ఇది కొంచెం చిక్కు, ఓపిక పట్టండి. ఎద్దులబండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం నడవాలి. రెండూ ఇరుసు మీద దేనికది తిరుగుతాయి గనుక ఇబ్బంది లేదు. మోటారుబండిలో చక్రాలను తిప్పేదే ఇరుసు. అందుకని మధ్యలో డిఫరెన్షియల్ అనే పళ్ళచక్రాల పెట్టె పెట్టి రెండు చక్రాలకూ వేర్వేరు వేగాలు తిరిగే స్వేచ్ఛ ఇచ్చారు. ఆ పెట్టె స్వభావమేమిటంటే, లాగే బలాన్ని రెండు పక్కలకూ సమానంగా పంచుతుంది. వినడానికి న్యాయంగానే ఉంది. కాని ఒక చక్రం బురదలో జారుతోందనుకోండి, అది పట్టు లేక ఏ బలమూ పుచ్చుకోదు. సమానంగా పంచాలి గనుక గట్టినేల మీదున్న రెండో చక్రానికీ అంతే, అంటే దాదాపు సున్న. పంక్తిలో ఒకరు వద్దన్నారని అందరికీ పాయసం మానేసే వంటవాడి న్యాయం! అప్పుడు తాళం వేస్తే రెండు చక్రాలూ ఒకటిగా తిరగక తప్పదు, గట్టినేల మీద చక్రం బండిని లాగేస్తుంది. ఈ బండికి అలాటి తాళాలు మూడు: ముందు ఇరుసుకొకటి, వెనక ఇరుసుకొకటి, రెండిరుసుల మధ్య ఒకటి. మూడూ వేస్తే నాలుగు చక్రాల్లో ఒక్కదానికి పట్టు దొరికినా చాలు. ముందుపలక నడుమ మూడు బొత్తాలు వరుసగా ఉన్నాయి. "ఎప్పుడైనా నొక్కినావా?" అన్నాడు మేనల్లుడు. "ఒకసారి. సారు చూడకుండా, మా చెరువు కట్ట కింద" అన్నాడు అబ్బాయి.

కొలతలు మనవాళ్ళ కొలతల్లో చెబుతాను. నేలకూ బండి అడుగుకూ మధ్య 241 మిల్లీమీటర్లు, అంటే జానెడు మీద ఒక వేలు. నీళ్ళలో దిగగల లోతు 700 మిల్లీమీటర్లు, అంటే మూరన్నర. పెట్రోలు తొట్టి 100 లీటర్లు. కంపెనీ 2018లో చెప్పిన లెక్క ప్రకారం నూరు కిలోమీటర్లకు 13 లీటర్ల పైచిలుకు తాగుతుంది. ఊళ్ళో తిప్పితే ఇంకా ఎక్కువని అబ్బాయి సాక్ష్యం.

బరువు 2,560 కిలోలు. ఈ బరువే దీని శత్రువు. తోలు కుర్చీలు, లోపల చల్లటి గాలి, పాటల పెట్టెలు, ఎనిమిది గొట్టాలు, అన్నీ బరువే. టైర్లలో మామూలుగా ఉండే గాలి ఒత్తిడి 35 అనుకుంటే, ఈ బరువుకు ఒక్కొక్క టైరు నేలను తాకే చోటు సుమారు 260 చదరపు సెంటీమీటర్లు. మన రెండు అరచేతులు పక్కపక్కన ఆనించినంత. దాని మీద ఆరువందల నలభై కిలోలు! మెత్తటి చెరువు ఒండ్రులో దిగబడక ఏంచేస్తుంది? అందుకే ఇసుకలో పోయేవాళ్ళు గాలి సగానికి సగం తీసేస్తారు. ఒత్తిడి సగమైతే ఆనే చోటు రమారమి రెట్టింపవుతుంది. ఒంటె పాదంలాగా. తిరిగి రోడ్డెక్కగానే గాలి పట్టించుకోవాలి, లేకపోతే టైరు వేడెక్కి పాడవుతుంది. గాలి తీయడానికి కానీ ఖర్చు లేదు. బురదకు, ఇసుకకు నేను ఆ రోజు విన్న ఉపాయాల్లో అన్నింటికంటె చౌకది ఇదే.

ఇంతా అయ్యాక మేనల్లుడు తన రంగుల కాగితం తిరగేశాడు. ఈసారి వేలు పెట్టి ఒక్కొక్క గడీ చదివాడు. 158 అశ్వశక్తి, సరే. నడిచే చక్రాలు: ముందు రెండే. చిన్న గేరు: ఆ గడియే లేదు. తాళం: లేదు. నేలనుంచి ఎత్తు 190 మిల్లీమీటర్లు, పక్కన చిన్న నక్షత్రం గుర్తు, కింద చీమల అక్షరాల్లో "బరువు లేనప్పుడు". ఆరుగురు మనుషులు, సామాను ఎక్కితే ఎంతుంటుందో ఎవరికెరుక? బొమ్మ మాత్రం కొండకొన మీద నిలబడి ఉంది.

వాడి ముఖం చూస్తే నాకు జాలేసింది. "రోడ్డు మీదికైతే మంచి బండే అన్నా. కుటుంబంతో తిరుపతి పోయిరావచ్చు. పలకల మధ్యకి మాత్రం కాదు" అన్నాడు డ్రైవరు అబ్బాయి మెల్లిగా. అతను ఎవరినీ తిట్టలేదు. నిజం కూడా అంతే. ఆ బండిలో తప్పు లేదు, వీడి పనికి అది సరిపోదు, అంతే. ఎస్.యు.వి. అనే మూడక్షరాలు రూపానికి పెట్టిన పేరేగాని, నాలుగు చక్రాలూ లాగుతాయని ఎవరూ రాసివ్వలేదు.

బావ అంతసేపూ వింటూ కూర్చుని, చివరికి, "పెట్రోలు లేకుండా ఈ కరెంటుతో నడిచేది లేదాప్పా? మన ఎండే గదా" అన్నాడు. ఉంది. అదే కంపెనీ 2024లో జి 580 అని విద్యుత్తు బండి చేసింది, 2025 జనవరిలో మన దేశానికి వచ్చింది. అప్పటి ధర 3 కోట్లు. నాలుగు చక్రాలకూ నాలుగు మోటార్లు, ఒక్కొక్కటి 108 కిలోవాట్లు, మొత్తం 432. మెలి 1,164 న్యూటన్ మీటర్లు. ఇరుసు తాళాలు అక్కరలేదు, ఏ చక్రానికెంత బలమివ్వాలో యంత్రమే చూసుకుంటుంది. మోటార్లకు చిన్న గేరు మాత్రం దానికీ పెట్టారు, గమనించండి! నీళ్ళలో 850 మిల్లీమీటర్లు దిగుతుంది, పెట్రోలు బండికంటె జానెడులో సగానికి పైగా ఎక్కువ. బ్యాటరీలో పట్టేది 116 యూనిట్లు, వాటితో పరీక్షలో 473 కిలోమీటర్లు నడిచింది. పెట్రోలు బండి తొట్టినిండా పోస్తే అందులో ఉన్న వేడి తొమ్మిది వందల యూనిట్ల దాకా ఉంటుంది, కంపెనీ లెక్కన నడిచేది 760 కిలోమీటర్లు. తక్కినదంతా ఏమైందంటే, పొగగొట్టం వెనక చెయ్యి పెట్టి చూడమన్నాడు అబ్బాయి. అయితే విద్యుత్తు బండి బరువు 3,085 కిలోలు. బావ ఎనిమిదెకరాల మధ్యాహ్నపు ఎండ దాని బ్యాటరీని అయిదారు నిమిషాల్లో నింపగలదని మేనల్లుడు లెక్క తేల్చాడు, దారిలో పోయే నష్టం వదిలేస్తే. బావకు ఆ లెక్క బాగా నచ్చింది. అదే లెక్కను సాయంత్రందాకా వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు.

పదకొండు గంటలకు పెద్దమనిషిగారు పార్కువాళ్ళ జీపులో తిరిగివచ్చారు, బూట్లనిండా దుమ్ము. నల్లబండి ఎక్కి బెంగుళూరు వెళ్ళిపోయారు. బండి మీద మాత్రం దుమ్ము లేదు.

అడ్వాన్సు పాతికవేల సంగతి అడుగుతారేమో. మేనల్లుడు, నేనూ కలిసి వెళ్ళాం. నాలుగుసార్లు తిప్పి, అయిదు వేలు విరుచుకుని ఇరవై ఇచ్చారు. రసీదు వెనక పక్క అలా రాసి ఉందట, అదీ చీమల అక్షరాల్లోనే. అక్క ఆ అయిదువేలను తలుచుకుని రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు పెండ్లి డబ్బు పెండ్లి పేర వేరే ఖాతాలో వేయించింది, సంతకం తనదే.

మొన్న మేనల్లుడు ఉత్తరం రాశాడు, అంటే ఈ కాలపు ఉత్తరం, ఫోనులో. ఏడేళ్ళు నడిచిన డీజిల్ బండి ఒకటి ఆరున్నర లక్షలకు కొన్నాడట. 105 అశ్వశక్తి. నాలుగు చక్రాలూ లాగుతాయి, చిన్న గేరు మీట ఉంది. కొనేముందు అమ్మేవాణ్ణి చెరువులోకి రమ్మని, ఆ మీట వేసి చూపించమన్నాడట. మీట కదల్లేదు. ఏడేళ్ళలో ఒక్కసారీ ఎవరూ వేయలేదు, తుప్పు పట్టింది. నూనె పోసి, సుత్తితో తట్టి కదిలించుకున్నారట, ధరలో పదివేలు తగ్గించుకుని. తొలి వానకు పార్కు లోపల నీళ్ళ ట్యాంకరు ఒకటి కూరుకుపోతే, టైర్లలో గాలి సగం తీసి, చిన్న గేరులో మెల్లిగా లాగి బయటవేశాడట.

బావ మాత్రం ఇంకా అందులో ఎక్కలేదు. చెరువు కింద రెండెకరాలకూ సైకిలు మీదే పోతున్నాడట.